సంచిలో నాయన పాదం

నాయనకు చక్కెర జబ్బు. కుడికాలి బొటనవేలి కింద ముల్లు దిగితే ఆయనకు తెలియలేదు. పుండు చీము పట్టాక అమ్మ ముక్కుకు తెలిసింది. మాది తమిళనాడులోని తెలుగు పల్లె. కోవిల్‌పట్టి డాక్టరు చూసి, ఆసుపత్రిలో చేరండి, కుళ్లిన కండ కోసి శుభ్రం చేయాలి అన్నాడు. ‘కోసి’ తర్వాత చెప్పినవేవీ మా చెవిన పడలేదు.

అందుకే విరుదునగర్ బస్సెక్కాం. అక్కడ ఓజోన్ వైద్యం ఉంది, కత్తి లేదు. గోడమీది బోర్డు ప్రకారం ఆ వాయువు పంటిపుచ్చు, చిగుళ్ల వాపు, మోకాలి నొప్పి, మానని పుండు అన్నిటినీ కుదురుస్తుంది. టైరు పంచరు ఒక్కటే వదిలేశారు.

నాయన పాదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చీలమండ దగ్గర బిగించి, గొట్టంతో వాయువు వదిలారు. సంచి ఉబ్బింది. జెరాక్స్ కొట్టు వాసన.

"చెప్పుల్లేకుండా నడుస్తారా?" అని అరవంలో అడిగాడు అక్కడి వైద్యుడు.

"లేదు సార్. ఇంట్లో కూడా చెప్పులే," అన్నాడు నాయన. నేనూ తల ఊపాను.

రెండో వారంలో, నాలుగోసారి సంచి విప్పేసరికి వేలు నల్లగా ఉంది. రేగడి మట్టేమోనని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ తెల్లగానే ఉంది.

అదే మధ్యాహ్నం కోవిల్‌పట్టి డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన తిట్టలేదు. అది ఇంకా భయపెట్టింది. మడమ పగుళ్లలోంచి ఏదో గీకి చూపించాడు.

"ఇదేమిటి?"

"చేనుమట్టి సార్."

"చెప్పులో?"

"గట్టు మీద విడుస్తాను సార్."

రోజూ పొద్దున విడుస్తాడు. భూమితల్లి మీదికి చెప్పులతో దిగడం మా ఇళ్లలో లేదు. చేలో తిరగడాన్ని మేమెవరమూ వట్టికాళ్ల నడకగా లెక్కపెట్టం. విరుదునగర్‌లో మేమిద్దరం అబద్ధమాడామని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఓజోన్‌తో ఇలాంటి పుండు మానుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఇన్నాళ్లూ మాత్రం పోయాయి. వేలు ఇవాళే తీయాలి," అన్నాడు డాక్టరు.

నాయన నావైపు తిరిగాడు. "ఏమిరా అబ్బయా, వేలు లేకుంటే చేలో నిలవనవుతాదా?"

"తొమ్మిదుంటాయి కదా నైనా. మన ఊరి బస్సుకి అన్ని బోల్టులు కూడా లేవు."

నాయన నవ్వలేదు. "నాకు బయంగా ఉండాదిరా," అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ఆయన కాలిమీది పంచె సర్దాను.

నర్సు ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం ఇచ్చింది, అరవంలో ఉంది. తీసేది వేలు అని రాసి, పక్కనే ‘అవసరమైతే పాదం’ అని చేర్చారు.

"ఈ రెండోది కొట్టేయొచ్చా సార్?" అని గొంతు తగ్గించి అడిగాను.

"తెరిచి చూస్తేగానీ చెప్పలేను."

నాయనకు అరవం చదవడం బాగా వచ్చు. కాగితం ఆయనకు కనబడకుండా గోడవైపు తిరిగి సంతకం పెట్టాను.