గాజుకంటి మీద బొట్టు

“నువ్వు నోరు తెరవొద్దు, కాంతమ్మా.”

“తెరవను, మేస్త్రీ.”

మా మధ్య చివరి మాటలివే. ఇవాళ వేలూరు పక్క తొరపాడిలో మా ఇంటి వెనుక కట్టడం మొదలైంది. ఇటుకలు పేర్చే యంత్రం కూత చెవిన పడగానే చేతిలో పని వదిలేసి లోపలికొచ్చాను. అందుకే అక్క కూతుర్ని కూర్చోబెట్టి చెప్తున్నాను, రాయమని.

మా ఆయన పోయిన మూడో నెలలో నాకు కూలిపని ఇచ్చినవాడు గుడియాత్తం ఎల్లప్ప మేస్త్రీ. నల్లచొక్కా పార్టీ మనిషి, ఆ పార్టీవాళ్ళందరిలాగే దేవుడు లేడనేవాడు. ముహూర్తం రాయి పెట్టే రోజు విధవనని నేను గోడ చాటుకు పోతే గట్టిగా కేకేశాడు. “యాడికి పోతావు? ఇటుక మోసే చేతికి శకునమేందమ్మా? ముందరికి రా!” ఆ రోజు నుంచి నేను ఎవరి చాటుకూ పోలేదు.

తర్వాత వేలూరు పనిలోకి ఇటుకలు పేర్చే రోబో వచ్చింది. మేస్త్రీ వరసకు నూలుతాడు కట్టి చూపిస్తే, అది ఇనుప చెయ్యి తిప్పి వరస పేర్చేది. “టీ అడగదు, బీడీ అడగదు. ఏమీ అడగని అల్లుడప్పా ఇది!” అని మేస్త్రీ నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ చెయ్యి నా వైపు తిరిగినప్పుడల్లా తట్ట దించి పక్కకు జరిగేదాన్ని. మనిషి అడ్డమొస్తే చూసి ఆగుతుందని ఇంజినీరు చెప్పినా నమ్మకం కుదరలేదు.

ఆయుధపూజ నాడు మేస్త్రీ పూజ వద్దని పనే పెట్టాడు. నేను భయం ఆపుకోలేక, ఎవరూ రాకముందే దానికి చందనం పూసి కుంకుమ పెట్టాను. దాని నుదురెక్కడో నాకేం తెలుసు? మెరిసే గాజుబిళ్ళ మీద పెట్టాను. అదే దాని కన్నట.

నూలు సరిచేస్తున్న మేస్త్రీని అది చూడలేదు. ఆయన కుడిచెయ్యి ఆ ఇనుప చేతికీ గోడకూ మధ్య నలిగిపోయింది.

“ఎవరు పూసింది?” ఇంజినీరు అరిచాడు. ఒకరిద్దరు నా వైపు చూశారు. విధవ చెయ్యి తగిలిందంటే ఇక నన్ను ఏ పనిలోకీ రానివ్వరు. చందనం అంటిన వేళ్ళు కొంగులో దాచుకోవడం మేస్త్రీ చూశాడు.

“నేనే,” అన్నాడు మేస్త్రీ, నెత్తురోడుతూ.

“సామి లేదనే మేస్త్రీ సందనం పూసినాడురా!” ఎవరో నవ్వారు. ఆటో ఎక్కిస్తుంటే ఆ చివరి మాట నాతో అన్నాడు.

మళ్ళీ మేస్త్రీ కరణె పట్టి తాపీపని చెయ్యలేదు. దొంగ నాస్తికుడని పార్టీవాళ్ళు గడప తొక్కడం మానేశారట. ఏడాదికి పోయాడు. శవం మీద పార్టీ జెండా కూడా కప్పలేదట. భయపడి నేను చూడ్డానికైనా పోలేదు.

ఆయన నేర్పినట్టు అందరి ముందూ తలెత్తుకునే నడిచాను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఇన్నాళ్ళూ గోడ చాటునే ఉన్నాను. ఇప్పుడూ భయపడుతూనే చెప్తున్నాను. ఆ బొట్టు పెట్టింది నేను. మేస్త్రీ ఏ సామికీ మొక్కలేదు.

రాసినావా, అమ్మా? ఆ మాట ఒకసారి గట్టిగా చదువు, వింటాను.