ఆరని దీపం, తెర వెనక స్విచ్చి

మా ఆదోని నాటక బృందంలో నాకెప్పుడూ ఊరిపెద్ద వేషమే. నటన రాదు గానీ మీసం బాగా అతుక్కుంటుంది. డెబ్బైల చివర్లో మా మాస్టరు రాసిన నాటకంలోనూ అంతే. ఒకామె మీద చేతబడి నింద వేసి పంచాయతీ పెట్టేది నేనే.

కథ ఎమ్మిగనూరులో నిజంగా జరిగిందే. మేం పుట్టకముందు నేతగాళ్ల వీధిలో ఒక బిడ్డకు జ్వరం తగ్గలేదు. పక్కింటామె మీద అనుమానపడ్డారు. అమ్మవారి ముందు దీపం ఆర్పి ప్రమాణం చెయ్యమన్నారు. తప్పు చేసిన చేతికి దీపం ఆరదని ఆ వీధి నమ్మకం. ఆమె ఒక్కసారి చెయ్యి విసిరింది. ఆరిపోయింది. ఇంటికి పోయింది.

"ఇంతేనా? దీనికి చప్పట్లెవడు కొడతాడు?" అన్నాడు మాస్టరు. మూడుసార్లు విసిరినా దీపం ఆరకూడదు, ఆమె జుట్టు విరబోసుకుని నేరం ఒప్పుకోవాలి అన్నాడు. నూనె దీపం మన మాట వినదు కాబట్టి ప్రమిదలో చిన్న బల్బు పెట్టించాడు. స్విచ్చి తన దగ్గరే ఉంచుకున్నాడు. అమ్మవారి మీద ఆయనకు అంత నమ్మకం.

ఈ సంగతి తెలిసి, ఆనాడు నింద పడినామె కొడుకు ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి రిహార్సల్‌కు వచ్చాడు.

"సార్, మాయమ్మ ఇంకా బతికే ఉండాది. వీధిలోవాళ్లు నూలు తెచ్చిస్తే కండెలు సుట్టి కూడు తింటాది. ఆ పొద్దు దీపం ఆరినాదనే గదా నూలు ఇస్తాండారు? మీరు ఆరకుండా సేస్తే ఇంగెవురిస్తారు?"

"చరిత్ర వేరు, నాటకం వేరు నాయనా."

"ఆ మాట మా వీధిలో సెప్పేకి మీరే రాండి సార్."

ఒక్కసారికే ఆర్పేస్తానని మాస్టరు మాటిచ్చాడు. మరీ తొందరగా ఇచ్చాడు. సామాన్ల పెట్టెలోంచి, జుట్టు విరబోసుకోడానికి తెచ్చిన సవరం మాత్రం తీసెయ్యలేదు. నాకు అక్కడే అనుమానం తగిలింది.

ఎమ్మిగనూరులో ప్రదర్శన రోజు అతని తల్లి, ఆ ముసలామె, ముందు వరసలో చాప మీద కూర్చుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నాటకాన్ని కాదు, ఆమెను చూస్తున్నారు. వేదిక మీద ఆమె వేషంలోని నటి చెయ్యి విసిరింది. దీపం ఆరలేదు. రెండోసారీ ఆరలేదు. తెర పక్కకు చూశాను. మాస్టరు పైకప్పు చూస్తున్నాడు. కింద ముసలామె పక్కనున్న ఆడమనిషి తన బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

అక్కడ నాకు డైలాగు లేదు. అయినా లేచాను.

"యోవ్, నూనె లేదు, వత్తి లేదు, ఈ దీపం యాట్ల ఎలగతాంది? దీన్ని ఆర్పాల్సింది ఆయమ్మ గాదప్పా, తెర ఎనక మాస్టరు!"

ప్రమిద ఎత్తి వైరు చూపించాను. జనం విరగబడి నవ్వారు. నాటకం అక్కడే చచ్చింది.

మరునాడు పొద్దున, బస్సుకు ముందు, ముసలామె ఇంటివైపు నడిచాను. నవ్వినవాళ్లంతా ఆమెది తప్పు కాదని నమ్మారన్న ధైర్యం నాకు లేదు. ఒక పొరుగింటామె నూలు తెచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలోది కింద పెట్టడం లేదు.

"అవ్వా, నిన్న దీపంలో మోసముండె గదా. మరి ఆ పొద్దు దీపంలో నూనె ఎవురు పోసినారు?"

నేను చూపించిన వైరు అప్పుడే మేం పుట్టని కాలం దాకా పాకిపోయింది.

ముసలామె రాట్నం ఆపలేదు.

"నా మింద నిందేసిన మీ అత్తే పోసింది. ఆ పొద్దు జరమొచ్చిన బిడ్డ నీ మొగుడే. నూలు ఆడ పెట్టి పో."

పొరుగింటామె పెట్టింది. గడప దాటకుండా, ఇవతలే.