సముద్రంలో పొద్దు గుంకిన నవల

మా లైబ్రరీలో "బాగుంది" అనే మాట చెల్లేది కాదు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఎవరైనా ఆ మాటంటే లైబ్రరీ అయ్యవారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "ఇడ్లీ బాగుంటది, చొక్కా బాగుంటది. పుస్తకం సంగతి చెప్పమ్మా" అనేవారు. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ విసుగు పుట్టిందో, ఎందుకు పుట్టిందో చెబితేగాని రెండో పుస్తకం చేతికిచ్చేవారు కారు.

నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు మీద మా ఊరు. అరవైలు అప్పుడే మొదలైనాయి. రోడ్డు పక్కన ఒక పెంకుటింటి ముందుగది లైబ్రరీ. రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, నాలుగు చాపలు. పొద్దున పూట పేపరు కోసం పెద్దవాళ్ళు వచ్చేవారు. బడి వదిలాక గది మాది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పది పదిహేనుమంది పిల్లలం చాపల మీద కూచుని, ఆ వారం చదివిన పుస్తకాల మీద వాదించుకునేవాళ్ళం. వాటిల్లో అయ్యవారికి నచ్చిన మాటను వరండాలోని నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి, కింద చెప్పినవాళ్ళ పేరు వేసేవారు. ఆ పేరు కోసం నేను పడిన కష్టం పరీక్షలకు కూడా పడలేదు.

మాది వరి పండించే ఇల్లు. చదువుకునే ఆడపిల్లంటే మా నాయనకు ముచ్చటే గాని, నవలలు చదివే ఆడపిల్లంటే కొంచెం భయం. "బడి పుస్తకమేనా?" అని అడిగేవాడు. "అయ్యవారిచ్చినారు" అనేదాన్ని. ఏ అయ్యవారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నాతోపాటు ఏడో తరగతి చదివే పిల్ల ఒకతె సముద్రపొడ్డు పాలెం నుంచి వచ్చేది. వాళ్ళ నాయన తెప్ప మీద చేపల వేటకు పోయేవాడు. రోజూ రెండు మైళ్ళు నడిచి బడికొచ్చేది. ఆ పాలెంలో అంతదాకా చదివిన ఆడపిల్ల తనొక్కతే. మాట తక్కువ. బళ్ళోనూ లైబ్రరీలోనూ నా పక్కనే కూచునేది. ఎవరు ఏం చెప్పినా శ్రద్ధగా వినేది, తన వంతు వస్తే రెండు ముక్కల్లో తేల్చేసేది.

ఆ ఏడు వానలు తగ్గినాక నెల్లూరు నుంచి కొత్త పుస్తకాల పెట్టె వచ్చింది. అందులో ఒక నవల నాకు దొరికింది. మన నెల్లూరు సముద్రపొడ్డున కాపురముండే మొగుడూ పెళ్ళాల కథ అది. అతను వేటకు పోతాడు, ఆమె ఎదురుచూస్తుంది. చివర్లో సూర్యుడు ఎర్రగా సముద్రంలోకి దిగిపోతుంటే, ఆ ఎరుపులో నల్లటి చుక్కలాగా అతని తెప్ప కనపడుతుంది. గడ్డివామి చాటున కూచుని ఆ పేజీలు మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఏడ్చాను.

ఆదివారం నేను లేచి పావుగంట మాట్లాడాను. చివరి పేజీ కంఠతా చెప్పాను. ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. డిటెక్టివు పుస్తకాలు తప్ప ఇంకోటి ముట్టని పదో తరగతి అన్న కూడా, "నాకియ్యి మే, నేనూ చూస్తాను" అన్నాడు. అయ్యవారు నల్లబల్ల మీద రాశారు: "ఈ నవల చదివితే సముద్రం మన గడపలోకి వస్తుంది." కింద నా పేరు. ఆ వారం పని లేకపోయినా ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు.

ఆ అన్న కంటే ముందు పాలెం నుంచి వచ్చే నా స్నేహితురాలే ఆ నవల తీసుకుపోయింది. మరుసటి ఆదివారం ఆ నవల చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"అయ్యవారూ, ఈయన సముద్రం చూడలా."

"ఎందుకమ్మా అట్టా అంటున్నావు?"

"మన సముద్రంలో పొద్దు గుంకుతాదా?"

అందరం ఒక్కసారే తలలు తిప్పి కిటికీలోంచి చూశాం. పొద్దు నెల్లూరు వైపు వాలుతోంది. సముద్రం మా వీపు వెనక ఉంది. పుట్టినప్పటినుంచీ పొద్దు సముద్రంలో పొడవడమే చూసిన వాళ్ళం, ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. అయ్యవారు కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఇంకా ఉండాది" అంది తను. "వలలో కొరమీను పడిందంట. కొరమీను చెరువులో గదా ఉండేది! మా నాయనకు చెబితే పొట్ట పట్టుకోని నవ్వినాడు. అంత పెద్ద వల ఒక్కడే లాగినాడంట. నలుగురు గావాల."

అందరూ పగలబడి నవ్వారు. "సముద్రం గడపలోకి వచ్చింది, కొరమీనుతో సహా!" అన్నాడు డిటెక్టివు అన్న. ఆ నవ్వంతా నా మీదే అనిపించింది. చెవులు వేడెక్కినాయి.

"కథలో పొద్దు యాడ గుంకితే ఏంది?" అని లేచాను. "ఆమె ఒడ్డున నిలబడి ఎదురుచూస్తుంటే నీకు ఏడుపు రాలా?"

"రాలా. మా అమ్మ రోజూ నిలబడతాది. చేపల బుట్ట పక్కన పెట్టుకోని, నడుం మీద చేతులేసుకోని, మా నాయన్ని తిడతా నిలబడతాది. ఈయమ్మ మాదిరి పాటలు పాడదు."

మళ్ళీ నవ్వులు. నాకు ఒళ్ళు తెలియలేదు. "నీకు చేపలు తెలుసుగాని పుస్తకాలేం తెలుసు!" అనేశాను.

ఎవరూ నవ్వలేదు. తను నవలను బల్ల మీద మెల్లిగా పెట్టి, చెప్పులు లేని కాళ్ళతో ఎండలోకి దిగి వెళ్ళిపోయింది. అయ్యవారు నన్ను తిట్టలేదు. నల్లబల్ల మీద నా వాక్యం పక్కన "మన సముద్రంలో పొద్దు గుంకుతాదా?" అని రాసి ఆమె పేరు వేశారు. నేను బయటికి పోతుంటే మాత్రం, "చివర నువ్వన్నది పుస్తకం మీద అభిప్రాయం కాదమ్మా" అన్నారు.

రెండు వారాలు మాకు మాటల్లేవు. బళ్ళో వేరే బెంచీకి పోయింది. ఆదివారం లైబ్రరీకి రాలేదు. నేను వెళ్ళాను గాని, నాలుక ఆడలేదు. మూడో వారం అయ్యవారు బడి దగ్గరకే వచ్చి ఇద్దరినీ పట్టుకున్నారు.

"ఆ నవల రాసినాయనకు ఉత్తరం రాయండి. ఎవరిది వాళ్ళు రాయాల. కవరు మాత్రం ఒకటే. ఒకరిది ఒకరు చదివినాకనే అంటించేది" అన్నారు.

లైబ్రరీ బల్లకు ఆ చివర తను, ఈ చివర నేను కూచుని రాశాం. నాది నాలుగు పేజీలు, తనది ముప్పాతిక పేజీ. కాగితాలు మార్చుకున్నాం. తను తప్పులన్నీ వరసగా రాసి, కింద ఇట్లా ముగించింది: "మా స్నేహితురాలు ఈ పుస్తకం చదివి ఏడ్చింది. ఆమె ఊరికే ఏడ్చే మనిషి కాదు. కాబట్టి ఇందులో ఏదో ఉంది. అదేమిటో నాకు కనపడలేదు."

ఆ కాగితం తిరిగి తనకిచ్చాను. "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"అనేసినావు గదా. జిగురు ఇట్టా తే" అంది.

నెల తిరక్కముందే జవాబు వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. ఆ నవల రాసినాయనది బావుల్లో కూడా నీళ్ళు నిలవని మెట్ట ప్రాంతమట. సముద్రాన్ని ఒకేసారి, రైలు కిటికీలోంచి, గ్లాసుడు టీ తాగినంత సేపు చూశారట. వాళ్ళ సంతలో దొరికే చేప కొరమీనొక్కటేనట. "నాకు పాఠం చెప్పేవాళ్ళుంటే వచ్చి నేర్చుకుంటాను" అని రాశారు. అయ్యవారు ఆ ఉత్తరాన్ని ఆదివారం సభలో మూడుసార్లు చదివారు.

ఉగాది దాటినాక ఒక శనివారం సాయంత్రం బస్సులో ఆయన దిగారు. ఎత్తుగా, శాలువా కప్పుకొని ఉంటారనుకున్నాం. గొడుగు పట్టుకున్న బక్కపలచని మనిషి. అయ్యవారింట్లో పడుకుని, తెల్లవారకముందే మాతో కలిసి ఎద్దుల బండిలో పాలెం చేరారు. సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంటే గొడుగు కింద పడిన సంగతి కూడా తెలియకుండా చూస్తూ నిలబడ్డారు.

నా స్నేహితురాలి నాయన ఆయన్ను తెప్ప మీద కూచోబెట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. గంటన్నర తర్వాత తిరిగొచ్చేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని దించారు. ఇసకలో కూలబడి, కడుపులో ఉన్నదంతా కక్కుకున్నారు.

నా స్నేహితురాలి తల్లి నడుం మీద చేతులేసుకుని మొగుడి మీద విరుచుకుపడింది. "నీ తెప్ప తగలెయ్య! వచ్చిన అయ్యను చంపి పంపిద్దామనుకున్నావా? కడుపులో ఇంత అన్నం పెట్టినాక తీసకపోకూడదా?"

ఆయన ఇన్ని నీళ్ళ మజ్జిగ తాగి, తడి చేతుల్తోనే జేబులోంచి నోటు పుస్తకం తీశారు. "అమ్మా, ఇంకొక్కసారి తిట్టండి. రాసుకుంటాను."

నా స్నేహితురాలు అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఇసకలో కూచుండిపోయి మరీ నవ్వింది.

ఆ రోజు మా సభ ఒడ్డునే, ఎండబెట్టిన వలల నీడన జరిగింది. ఆయన తన తప్పులన్నీ ఒక్కొక్కటిగా ఒప్పుకుని, నా వైపు తిరిగారు.

"నువ్వెందుకు ఏడ్చావమ్మా?"

నేను సముద్రమనీ, ఎరుపు రంగనీ పదిమంది ముందు చెప్పినదాన్ని. అప్పుడు మాత్రం కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. "ఆమె తన ముద్ద కూడా తినకుండా కుండ మీద మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి ఉంచి కూచుంటాది గదండీ. మా అమ్మ అట్టానే. మా నాయన వరి కయ్యల్లోంచి వచ్చిందాకా తినదు. అడిగితే ఆకలి లేదంటది."

ఆయన ఇసక పిడికిట్లోకి తీసుకుని వదిలారు. "అది మా అమ్మ. ఆ పుస్తకంలో నేను చూసి రాసింది అదొక్కటే" అన్నారు.

నా స్నేహితురాలు తల ఊపింది. "అయితే అది సరిగ్గానే రాసినారు. నేను కొరమీను దగ్గరే ఆగిపోయినా."

ఆయన వెళ్ళిపోయాక పాలెంలో వాళ్ళకు తోచలేదు. అంత కష్టపడి వాంతులు చేసుకున్న మనిషి ఇంతకూ ఏం రాశాడని అందరూ అడగడమే. నా స్నేహితురాలి నాయన లైబ్రరీకి వచ్చి అయ్యవారిని అడిగి నవల పట్టుకుపోయాడు. మగవాళ్ళు చిరిగిన వలలు బాగుచేసుకుంటుంటే తను బిగ్గరగా చదివింది. నేనూ పోయి కూచున్నాను. కొరమీను వచ్చిన చోట ఒక ముసలాయన నవ్వి నవ్వి పొరబోయి దగ్గాడు. అన్నం కుండ వచ్చినచోట మాత్రం వలలు అల్లే చేతులన్నీ ఆగినాయి. "ఆ ముక్క మళ్ళీ చదువు పాపా" అన్నాడు ఆ ముసలాయనే.

అప్పటినుంచి నెలకొకసారి చిన్న చెక్కపెట్టెలో పది పుస్తకాలు పాలేనికి పోయేవి. ఆ పెట్టె బాధ్యత తనది. వాళ్ళ అభిప్రాయాలకు మొగమాటం ఉండేది కాదు. ఒక నవల గురించి, "అందురూ మంచోళ్ళే. వీళ్ళతో ఎంతసేపు కూచునేది?" అని తేల్చేశారు. అయ్యవారు ఆ మాటకు మురిసిపోయి ఊరంతా చెప్పుకున్నారు.

ఏడో తరగతితో బడి మానిపిద్దామని నా స్నేహితురాలి నాయన అంతకుముందే అనుకున్నాడట. ఎండాకాలం సెలవుల్లో ఆ మాట వస్తే పాలెం మొగవాళ్ళే అడ్డం పడ్డారు. "అది మానేస్తే పెట్టెలో పుస్తకాలు ఎవురు చదివేది, నువ్వా?" అన్నారట. బళ్ళు తెరిచినాక ఆయనే బడికి పంపాడు.

ఎనిమిదో తరగతి మొదటి రోజున మళ్ళీ ఒకే బెంచీ మీద కూచున్నాం. బడి పుస్తకాలింకా రాలేదు. లైబ్రరీ నవల ఒకటి ఇద్దరి మధ్యా పెట్టుకుని చదివాం. తను నాకంటే ముందే పేజీ చివరికొచ్చి, కాగితం మూల వేలితో పట్టుకుని, నేను పూర్తిచేసిందాకా ఎదురుచూసేది.