టాంకు అడుగు నీళ్లు

జోసఫ్ రాజు తాగడు. నర్సీపట్నం టాక్సీ స్టాండులో అతని గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట అదే. కిరాయికి సారా కాచే ఏజెన్సీలోకి, కొయ్యూరు దాకా వెళ్లినా, పెళ్లివారితో రాత్రంతా ఉన్నా, వాసన లేకుండా తిరిగొస్తాడు. సువర్ణమ్మ అతన్ని చేసుకున్నది అందుకే. ఆమె తండ్రి సారా తాగి పోయాడు. పెళ్లికి ముందు ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. అతని జవాబూ ఒక్కటే.

వాళ్ల చర్చి సంఘంలో ప్రభువు బల్లకి, అంటే ప్రభురాత్రి భోజనానికి, పులిసినదేదీ రాకూడదు. నెల మొదటి ఆదివారం చిన్న గిన్నెల్లో పోసేది ఎండు ద్రాక్ష ఉడికించి, గుడ్డలో పిండిన రసం. ఆ పని సువర్ణమ్మది. తాగుడున్న ఇంటికి ఆ పని ఇవ్వరు. తాగినవాడికి గిన్నె ఇవ్వరు.

అతనిది తెల్ల అంబాసిడర్, పెట్రోలు బండి. దాని గురించి అతనికి గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. నీళ్లు కిందికి దిగుతాయి, పెట్రోలు పైన తేలుతుంది. వానాకాలం మూత సందులోంచి టాంకులోకి నీళ్లు చేరతాయి. కారు కింద పడుకుని అడుగు బిరడా వదులు చేస్తే గ్లాసుడు నీళ్లు కారతాయి. పెట్రోలు కనబడగానే బిగించెయ్యడమే. పని నేర్పిన డ్రైవరు చూపించిన పద్ధతి అది. ఏనాడూ తప్పలేదు.

రెండువేల మూడులో తప్పింది. వానలు పడ్డాయి. బిరడా తీస్తే పెట్రోలే వచ్చింది. నీళ్లు ఎక్కడికి పోయాయో అర్థం కాలేదు. తర్వాత ఇంజను దగ్గరి రబ్బరు గొట్టం ఉబ్బి మెత్తబడింది. బండి దగ్గుతూ నడిచింది. ఒకరోజు జోరువానలో కొయ్యూరు దారిలో ఆగేపోయింది. లారీకి కట్టి ఇంటికి లాగించుకొచ్చాడు. మర్నాడు శనివారం. బిరడా తీస్తే నీళ్లు కారాయి, కారుతూనే ఉన్నాయి. చేతికందిన స్క్వాష్ సీసా పట్టాడు. సగం దాటి నిండింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్రోలు కంపు. దాని వెనక ఇంకో కంపు.

బంకులో చూపించాలని సీసా డిక్కీలో పెట్టి స్నానానికి వెళ్లాడు.

ఆ సీసా సువర్ణమ్మ రసం పోసే సీసా. వెతుక్కుంటూ ఆమే డిక్కీ తెరిచింది. అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి మూత ఒక చేతిలో, సీసా ఒక చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటండీ ఇది?"

"నీళ్లే."

"నీళ్లకి మా నాన్న వాసనేటి?"

"అదే నాకూ తెల్డం లేదు."

రేపటి బల్లకి తీసిన ద్రాక్ష పొట్లం ఆమె మళ్లీ అలమారలో పెట్టేసింది.

మధ్యాహ్నం రసం సంగతి కనుక్కోడానికి సంఘ పెద్ద ప్రేమరాజు గారు వచ్చారు. మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి దిగిపోయిన మనిషి. సీసా వాసన చూసి కూర్చున్నారు.

"వెలిగించి చూపిస్తానుండండి," అన్నాడు జోసఫ్ రాజు. "నీళ్లయితే మండదు. పెట్రోలయితే నల్లగా పొగొస్తాది."

పళ్లెంలో కాస్త పోసి అగ్గిపుల్ల గీశాడు. పొగ లేకుండా, మెల్లగా, నీలంగా మండింది.

"ఏజెన్సీలో సారా సరుకు ఇలాగే ఎలిగించి సూస్తారు," అన్నారు ప్రేమరాజు గారు. "నీలంగా మండితే మొదటి రకం."

"మీకెలా తెలుసండీ?"

"తాగినోళ్లకి కట్లు కట్టినోణ్ణి. ఆళ్లు సెప్పకుండా ఉంటారేటి?" లేచి నిలబడ్డారు. "రాజూ, నువ్వు తాగేవని నేనన్ను. రేపు పాస్టరు అయ్యగారు అడిగితే ఏటి సెప్పమంటావు?"

జోసఫ్ రాజు సీసాకి మూత బిగించాడు.

సాయంత్రం బంకుకి వెళ్లాడు. పెట్రోలు కొట్టే గంగులు సీసా వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. అతను తాగుతాడు, దాచడు.

"ఇదెక్కడిదిరా జోసపూ?"

"నా టాంకులోదే."

"అయితే నిజివేనన్నమాట! పెట్రోల్లో కంపెనీవోళ్లే స్పిరిట్టు కలిపి పంపుతన్నారంట, టాంకరోడు సెప్పేడు. సెరుకు మడ్డిలోంచి తీస్తారంట, సారాలో మత్తూ అదేనంట. కొంచెం నీళ్లయితే కలుపుకుంటాదంట. ఎక్కువయితే పెట్రోల్ని ఒగ్గేసి నీళ్లతో పోతాదంట."

"నాకు సెప్పలేదేటి?"

"నువ్వు తాగవు కదా, నీకెందుకనీ!" నవ్వాడు. "సర్చీకొచ్చి సెప్పమంటే సెప్తాను. పద."

జోసఫ్ రాజు అతని నోటి వాసన చూసి, వద్దన్నాడు. కొత్త పెట్రోలు పోయించుకుని ఇంటికొచ్చాడు.

ఆదివారం తెల్లారాక, గంగులు చెప్పింది చెప్పినట్టు సువర్ణమ్మకి చెప్పాడు. ఆమె అడ్డుచెప్పలేదు, ఒప్పుకోనూ లేదు.

"ఇప్పుడు తియ్యండి. నా ఎదటే."

అతను కారు కింద పడుకున్నాడు. బిరడా తీస్తే శుభ్రమైన పెట్రోలు వచ్చింది. నిన్నటిది నిన్ననే అయిపోయింది. చూపించడానికి ఏమీ లేదు. అలాగే పడుకుండిపోయాడు.

సువర్ణమ్మ కూర్చుని ఆలోచించింది. నిన్నటి సీసా కడిగి, దాన్నిండా ఆ పెట్రోలే పట్టించింది. కాస్త వంపేసి, చిన్న గ్లాసుతో నూతి నీళ్లు పోసింది. నీళ్లు అడుక్కి దిగాయి. దిగినంత మేరకి సీసా చుట్టూ దారం కట్టింది. మూత బిగించి, చల్ల చిలికినట్టు ఊపింది. అరుగు మీద పెట్టి ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు.

సీసా తేరుకుంది. నీళ్లు దారం దాటి పైకి వచ్చాయి.

ఆమె దారం తడిమి చూసింది, జారిందేమోనని. జారలేదు. పెట్రోలు జాగ్రత్తగా వంపేసి, మిగిలిన నీళ్లు వాసన చూసింది.

"అదే," అంది.

"నమ్మేవా?"

"పోసినవి కొన్ని, ఉన్నవి ఎక్కువ. ఎందుకో నాకు తెల్దు. మీరు తాగలేదని తెలిసింది. బేగి పొయ్యి ఎలిగించండి."

నానబెట్టడానికి వేళ లేదు. వేణ్ణీళ్లలో ద్రాక్ష ఉడికించి పిండింది. రసం స్టీలు కేనులో పోసి ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. ఆ సీసా మళ్లీ ముట్టుకోలేదు.

చర్చి మెట్ల దగ్గర ప్రేమరాజు గారు నిలబడి ఉన్నారు. కేను అందుకుని సువర్ణమ్మ మొహం చూశారు. ఆమె తలూపింది.

"తేలిందా రాజూ?"

"తేలిందండీ. తాగుతున్నది కారు."

ఆయనకి అర్థం కాలేదు. అయినా అతన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టారు.

గిన్నె చేతికి వచ్చింది. అందరూ తలలు వంచుకున్నారు. జోసఫ్ రాజు తల వంచి, ముందు వాసన చూశాడు. ఆడవాళ్ల వైపు నుంచి సువర్ణమ్మ అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఇంకోసారి వాసన చూసి, తాగాడు.