చేపకి దారిచ్చిన అమ్మాయి

మాది అనంతపురం. అంతర్వేది దగ్గర సముద్రం చూద్దామని ఒకసారి రావులపాలెంలో రాజోలు బస్సెక్కాను. పక్క సీట్లో కూర్చున్న కరుణమ్మ గారు రాజోలులో టీచరు. పరిచయమైన కాసేపటికే ఫోను నా చేతిలో పెట్టారు.

"మా అమ్మాయండి. బాలీలో స్కూబా డైవింగు నేర్పుతుంది. టూరిస్టుల్ని దగ్గరుండి సముద్రంలోకి తీసుకెళ్తుంది."

వీడియోలో మనిషి కంటే పెద్ద గుండ్రటి చేప ఒకటి కనిపించింది. వెనక భాగం కోసేసినట్టు దానికి తోకే లేదు. సన్‌ఫిష్ అట. చిన్న చేపలు దాని ఒంటిమీది పురుగుల్ని ఏరుకు తింటుంటే కదలకుండా ఉంది. దాని దగ్గరికి దూసుకెళ్తున్న డైవర్లను ఒక అమ్మాయి చెయ్యి అడ్డుపెట్టి ఆపింది.

"మీద పడితే బెదిరి వెళ్లిపోతుందటండి. చూసేరా, ఎలా ఆపిందో? ఎవరికివ్వాల్సిన మర్యాద వాళ్లకివ్వాలి కదండీ," అన్నారావిడ. చేపకు మర్యాద ఇవ్వడం గురించి నేను వినడం అదే మొదలు.

"అమ్మాయి అంత లోతుకి వెళ్తుంటే మీకు భయం వెయ్యదా?"

"ఆయ్, వేస్తుందండి. మొన్న మంచి సంబంధం వచ్చింది. ఈ పని మానేస్తే చేసుకుంటామన్నారు. మా వారు వాళ్లకి కాఫీలిచ్చి, ఈ వీడియో చూపించి, మా అమ్మాయి మానదండీ అని చెప్పేసేరు."

"మరి అమ్మాయి ఏమంది?"

"ఫోన్లో ఏడ్చేసిందండి. నేను చెప్పాలనుకున్న మాట నాన్నారే చెప్పేసేరా అని."

అప్పటికే ముందు సీటాయన వెనక్కి తిరిగి చూస్తున్నారు. కరుణమ్మ గారు వీడియో మళ్లీ మొదటికి తెచ్చి, ఫోను ఆయనకు అందించారు.