పాత బోర్డా, కొత్త బోర్డా?

విజయభాస్కర్‌కు ఎదుటివాళ్ళ ఫోన్ చూడనిదే పొద్దు గడవదు. అందులోని ఫొటోలు ఆయనకు అక్కర్లేదు, కబుర్లు అసలే అక్కర్లేదు. తాను పనిచేసే పడవల సంఘం వెబ్‌సైట్ ఆ ఫోన్‌లో పాతది కనిపిస్తోందా, కొత్తది కనిపిస్తోందా అన్నదొక్కటే కావాలి. మైపాడు దగ్గరి ఆ జాలరి పాలెంలో చేతిలో ఫోన్‌తో ఆయనకు ఎదురుపడి తప్పించుకున్నవాళ్ళు లేరు.

"ఏదీ, ఇట్టియ్యి. పాతదొస్తాందా, కొత్తదొస్తాందా?"

ఒక పెళ్ళిలో, తాళి కట్టి ఇంకా పీటల మీద నుంచి లేవని పెళ్ళికొడుకును కూడా ఈ మాటే అడిగాడు. ఎందుకొచ్చిన గొడవని ఆ అబ్బాయి ఫోన్ తీసి ఇచ్చేశాడు. పనిలో పనిగా పురోహితుడిదీ చూసి, "సామీ, మీ దాంట్లో మొన్నటిదొస్తాంది" అని బాగుచేసి, అక్షింతలు ఆ తరవాతే వేశాడు.

ఇంట్లోనూ ఇదే వరస. కంచం ముందు కూర్చుని, "కామాక్షీ, ఈ పులుసు పాతదా, కొత్తదా?" అంటాడు.

"చేపల పులుసు నిన్నటిదే బాగుంటాది. నోరు మూసుకోని తిను" అంటుంది భార్య. ప్రపంచంలో పాతది పనికొచ్చే చోటు అదొక్కటేనని ఆయన ఒప్పుకున్నాడు.

సంఘం ఆఫీసులో కంప్యూటర్ పని చూసే సుభాషిణికి ఈ మనిషితో ఏడాదిగా సహవాసం. ఆమెది వాకాడు. ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి ఉద్యోగం చేస్తోంది. రోజూ మధ్యాహ్నం వాతావరణ కబురు రాగానే విజయభాస్కర్ ఆఫీసు ముందున్న నల్లబోర్డు మీద దాన్ని సుద్దతో రాస్తాడు. గాలి ఎంత, అల ఎంత, వేటకు పోవచ్చా లేదా. ఆ బోర్డును ఫొటో తీసి సైట్‌లో పెడితే, సాయంత్రం వేటకు పోయేవాళ్ళు ఫోన్లలో చూసుకుంటారు.

మొదట్లో చిక్కల్లా ఆ ఫొటోకు రోజూ ఒకటే పేరు ఉండడం. ఫోన్‌లోని బ్రౌజరుకు బద్ధకమెక్కువ. అదే పేరుతో నిన్న తెచ్చుకున్న ఫొటో దాని దగ్గర దాచి ఉంటుంది గనక, మళ్ళీ ఎవరు పోయి తెస్తారులే అని దాన్నే చూపించి చేతులు దులుపుకుంటుంది. ఒకసారి గురువారం 'వేట వద్దు' అని పెడితే, శుక్రవారం సముద్రం తేటపడినా సగం పాలెం గట్టునే కూర్చుంది. అప్పటి నుంచి విజయభాస్కర్ ఫొటో పేరు చివర రోజుకో అంకె తగిలిస్తున్నాడు. పేరు మారింది గనక ఇదేదో కొత్తదనుకుని బ్రౌజరు పరుగెత్తి తెచ్చుకుంటుంది. సుభాషిణి చేరేనాటికి ఆ అంకె నాలుగు వందల పన్నెండు. అయినా ఆయనకు నమ్మకం లేదు. ఫొటో పెట్టగానే సైకిలెక్కి గట్టంతా తిరుగుతాడు.

"ఒక ఫోన్‌లో వస్తే అన్నిట్లో వచ్చినట్టే గదన్నా" అంది సుభాషిణి.

"అన్నిట్లో అంటే ఎవురెవురి దాంట్లో? పేర్లు చెప్పు."

ఇంకో వింత ఏమిటంటే, ఆయన చూసి ఊరుకోడు. తేదీ మొదలు కింది సంతకం దాకా బోర్డంతా గొంతెత్తి చదువుతాడు.

"చూస్తే చాలదా? చదవడమెందుకు?"

"పైన కొత్తదొచ్చి కింద పాతదుంటే?"

"ఒకటే ఫొటో గదన్నా! సగం పాతది, సగం కొత్తది ఎట్టొస్తాది?"

"ఏమోమ్మా, ఈ బ్రౌజర్లను నమ్మేదానికి లేదు."

అందరికన్నా ఎక్కువ తిప్పలు ముత్యాలయ్యవి. అరవై అయిదేళ్ళ మనిషి, తెప్ప మీద ఒంటరిగా వేటకు పోతాడు. అయిదో తరగతి పాసయ్యానని పాలెమంతా చెప్పుకుంటాడు. టీ కొట్లో పేపరు ఆయన చేతికి వెళ్ళిందంటే పెదాలు కదుపుతూ అరగంట దాకా వదలడు. ఆయన ఫోన్‌ను విజయభాస్కర్ రోజూ చూడాల్సిందే.

"నా ఫోనుకేం రోగమయ్యా, రోజూ నాడి చూస్తావు?" అని విసుక్కుంటాడు గానీ, చదవడం పూర్తయ్యేదాకా కదలడు.

చివరికి సుభాషిణి వారం రోజులు కుస్తీ పట్టి, ప్రతి ఫొటోకూ తేదీ, టైముతో సహా కొత్త పేరు దానంతటదే పడేలా చేసింది. ఇక అంకె తగిలించే పనీ లేదు, మరిచిపోయే భయమూ లేదు. సంఘం ప్రెసిడెంటు నరేంద్రబాబు ముచ్చటపడిపోయాడు.

"ఇంక ఆ తిరుగుడు మానేసి ఆఫీసులో కూర్చో, భాస్కరా."

విజయభాస్కర్ ముఖం వాడిపోయింది. "ఒక్కసారి ముత్యాలయ్య ఫోన్ చూసొస్తాను సార్. ఆయనది మరీ పాత ఫోను."

"కూర్చోమంటుంటే!"

మూడు రోజులు కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ కళ్ళు కిటికీలోనే ఉన్నాయి. ఆ మూడు రోజులూ సముద్రం బాగానే ఉంది గనక గొడవేమీ జరగలేదు.

నాలుగో రోజు వాయుగుండం కబురొచ్చింది. విజయభాస్కర్ 'వేట వద్దు' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. సుభాషిణి ఫొటో పెట్టి, తన ఘనకార్యం కళ్ళారా చూసుకోవాలని గట్టుకు పోయింది. ఎవరి ఫోన్ చూసినా కొత్త బోర్డే. పడవలు పైకి లాగుతున్నారు. ఆమెకు పట్టరాని సంతోషమేసింది. అంతలో దూరంగా ముత్యాలయ్య తెప్ప మీదికి వల ఎత్తుకుంటూ కనిపించాడు.

"తాతా, బోర్డు చూళ్ళేదా?"

"చూడకేం? ఇదిగో" అని ఫోన్ చూపించాడు. అదే తేదీ, అదే బోర్డు, రెండు గీతలతో సహా.

"మరి ఏముందందులో?"

ముత్యాలయ్య పెదాలు కదిపాడు. "ఏముంటాది? మామూలే. పోవచ్చని."

సుభాషిణికి సిగ్గేసింది. ఆయన్ని చూసి కాదు, తనను తాను చూసుకుని. నోరు తెరిచేలోగా వెనక ఇసకలో సైకిల్ పడిన చప్పుడైంది. టీకని చెప్పి ఆఫీసులోంచి బయటపడ్డ విజయభాస్కర్ రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగు తాతా! ఏదీ, ఇట్టియ్యి. అయ్యయ్యో, పాతదే వస్తాంది గదా!" అని తెరను బొటనవేలితో రెండుసార్లు తుడిచాడు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. "ఇదో, ఇప్పుడొచ్చింది కొత్తది" అని తేదీ మొదలు సంతకం దాకా చదివాడు. 'వేట వద్దు' అన్నది రెండుసార్లు చదివాడు.

ముత్యాలయ్య వల కింద పడేసి మండిపడ్డాడు. "కొంచెముంటే పోయుందును గదయ్యా! చదువుకున్నోణ్ణి నాకే ఇట్టయితే చదువు రానోళ్ళ గతేంది? ఎవురు జేసినారీ సైటు?"

"నేనే తాతా. తప్పు నాదే" అంది సుభాషిణి. ఆ ఏడాదిలో ఆమె చేసిన మంచి పని ఫొటోల పేర్లు మార్చడమొక్కటే. దాన్ని అంత తేలిగ్గా వదులుకోగలనని ఆమెకే తెలియదు.

తిరిగి వస్తూ అడిగింది. "ఎంతమందన్నా ఇట్టా?"

విజయభాస్కర్ సైకిల్ చెయిన్‌లో ఇసక దులుపుకుంటూ, "ఇట్టా అంటే ఏంలేదమ్మా. పాత ఫోన్లు, అంతే" అన్నాడు.

"పాత ఫోన్లు ఎన్ని?"

"మగోళ్ళవి పదిహేడు. ఆడోళ్ళ ఫోన్లు నేనడిగితే బాగుండదు గదా. అయ్యి చూసే దిక్కు లేదు."

ఆఫీసులో నరేంద్రబాబు అడిగాడు. "ఏమ్మా, అంతా సర్దుకున్నట్టేనా?"

"లేదు సార్. కొందరికి ఇంకా పాతదే వస్తాంది. అన్న రోజూ తిరగాల్సిందే."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేం సార్. బ్రౌజర్లు చానా రకాలు."

నరేంద్రబాబు అంతా అర్థమైనట్టు గంభీరంగా తలాడించాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఖాళీ బుట్టలు కడుక్కుంటున్న చేపలమ్మే ఆదిశేషమ్మ పక్కన సుభాషిణి పోయి కూర్చుంది. రేపు పడవలు వస్తేనే ఆమెకు చేపలూ, బస్సూ, నెల్లూరు బజారూ.

"అక్కా, నీ ఫోన్ ఒకసారి ఇట్టియ్యి. టెస్ట్ చెయ్యాల."

ఆదిశేషమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. చెయ్యి చీరకు తుడుచుకుని ఫోన్ ఇచ్చి, బుట్ట పక్కన పెట్టి దగ్గరకు జరిగింది.

"కొంచెం గట్టిగా టెస్ట్ చెయ్యి మే. ఆ పక్కనుండే పిచ్చమ్మది గూడా పాత ఫోనే."