తక్కెడ వెనక ముఖం

ఈ వార్త నాకు మొదట మోసుకొచ్చింది పూల యాదమ్మ. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు కొనుక్కొని, మాలలు కట్టుకొని, ఎండెక్కకముందే మా గడప ముందు గంప దించుతుంది. మూర కొలిచేటప్పుడు ఆమె మోచేయి ఏటికేడు పొట్టిదవుతోందని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఆ రోజు మాత్రం కొలవనే లేదు. చేతికి వచ్చినంత చేమంతి మాల నా పళ్లెంలో పడేసి, "అమ్మా, మీ కుంకుమ దుకాణం గోడకెక్కింది. నువ్వింక చూడలే?" అంది. ఏ గోడకే అన్నాను. "గల్లీ చివర పాత హవేలిల ఫోటోలు పెట్టిండ్రు. మొత్తం పాత పట్నమే. నాకు సదువు రాదు గని, మీ దుకాణం ముంగటి విరిగిన అరుగు రాదా? గది చూసి గుర్తువట్టిన" అంది. అరుగు ఆనవాలుతో దుకాణాన్ని పట్టుకున్న ఆమె చూపుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

బేగంబజార్‌లో మా నాన్నకు పసుపు, కుంకుమ దుకాణం ఉండేది. ఇప్పుడు ఆ చోట స్టీలు గిన్నెలు అమ్ముతున్నారు. యాదమ్మ చెప్పగానే నా గుండె కొట్టుకున్నది మాత్రం దుకాణం కోసం కాదు. ఆ దుకాణం లోపలి గుమ్మంలో రోజూ పీట వేసుకొని కూర్చున్న మా మేనత్త కోసం. ఆమె ముఖం కోసం. ఆ ముఖాన్ని నా చేతులతో నేనే చెరిపేసుకున్నాను. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మేనత్త అంటే మా నాన్నకు అక్క. నేను అత్తమ్మ అనేదాన్ని. పదిహేనో ఏటనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటి పద్ధతి ప్రకారం తెల్లచీర, బోసి నొసలు. చిత్రమేమిటంటే ఆమె పని కుంకుమతోనే. నిమ్మరసం, వెలిగారంలో నానిన పసుపు ఎండి ఎర్రబడితే, దాన్ని జల్లించి, పొట్లాలు కట్టేది. పట్నంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఎందరి నొసట ఆమె చేతి కుంకుమ ఉండేదో. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎరుపే. నొసట మాత్రం ఏమీ లేదు. నన్ను బడికి పంపలేదు కాబట్టి నా చదువంతా ఆ పీట పక్కనే సాగింది. పొట్లాలకు తెచ్చిన పాత పత్రికలు, పరీక్ష కాగితాలు, ఎవరివో కోర్టు కాగితాలు నా పుస్తకాలు. "చదివినంకనే మడత పెట్టాలె. చదవని కాగితంల కుంకుమ పోయొద్దు" అని ఆమె నియమం. పొట్లానికి ఎంత కావాలో అంతే చింపేవాళ్లం కనుక, వార్తలన్నీ నాకు సగం సగమే తెలుసు. ఒక ఊళ్లో చెరువు తెగిందని చదివాను. జనం బతికారో లేదో ఇప్పటికీ తెలియదు. అయినా ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

ఆమె పోయాక ఇంట్లో మిగిలింది ఒక్క ఫోటో. అదీ మా చిన్నాన్న పెళ్లి గుంపు ఫోటోలోంచి కత్తిరించింది. ఎప్పుడూ చివరే నిలబడేది కాబట్టి కత్తిరించడం సులువైంది. దేవుడి గూట్లో పెద్దల ఫోటోల వరుసలో పెట్టి, అందరికీ పెట్టినట్టే ఆమెకూ శుక్రవారం నాడు కుంకుమబొట్టు పెట్టాను. మా అమ్మ వెనక నిలబడి చూసింది. "ఏం చేస్తున్నవే?" అంది. "బొట్టు పెడుతున్న" అన్నాను. గట్టిగా తిడుతుందనుకొని చేయి వెనక్కి తీసుకున్నాను. అమ్మ ముందుకు వంగి, "సరిగ్గ మధ్యల పెట్టు. వంకర పోయింది" అంది.

కొన్నేళ్లకు ఆ ఫోటో అద్దం పగిలింది. మళ్లీ వేయిస్తాం, వేయిస్తాం అనుకుంటూనే, నేను వారం తప్పకుండా కాగితం మీదే బొట్టు పెడుతూ వచ్చాను. పాత బొట్టును తడిగుడ్డతో తుడవడం, కొత్తది పెట్టడం. మా దుకాణపు అసలైన కుంకుమ కదా, పులుపు ఉంటుంది. మొదట నొసలు పోయింది. తర్వాత కనుబొమలు. ఏదో మసక అనుకున్నాను. ఒక శుక్రవారం వెలుతురులో పట్టుకొని చూస్తే తెల్లచీర మీద ఎర్రటి మబ్బు తప్ప ఏమీ లేదు. ఆ రోజు నుంచి, ఆమె చేతులు గుర్తుకొస్తాయి, గొంతు గుర్తుకొస్తుంది, ముఖం మాత్రం రావడం మానేసింది. బొట్టు పెట్టాలని ఆశపడ్డదాన్ని, పెట్టడానికి నొసలే లేకుండా చేసుకున్నాను. ఎన్ని పూజలు చేసినా ఈ ఒక్క ముల్లు తీయమని స్వామిని అడగడానికి మొహం చెల్లలేదు.

యాదమ్మను తోడు తీసుకొని హవేలికి వెళ్లాను. మా చిన్నప్పుడు కర్ర కాళ్ల మీద పెద్ద కెమెరా పెట్టుకొని, పట్నమూ జిల్లా ఊళ్లూ తిరిగిన ఫోటో సాబ్ ఉండేవారు. ఆయన కొడుకే ఆ ఫోటోలను గోడలకు తగిలించి కూర్చున్నారు. ఇప్పుడు ఆ కొడుక్కే అరవై దాటాయి. లోపల చల్లగా ఉంది. సంతకు పోతున్న ఎడ్లబండ్లు, మూసీ ఒడ్డున ఆరేసిన చీరలు, బోనాలెత్తుకున్న ఆడవాళ్లు, పసుపు బస్తాల మీద నిద్రపోతున్న మనుషులు. అందరూ మెల్లగా ఊపిరి తీస్తున్నట్టే ఉన్నారు. నేను గట్టిగా నడిస్తే లేస్తారేమోనని చెప్పులు చేత పట్టుకున్నాను.

మా దుకాణం మూడో గోడ మీద ఉంది. విరిగిన అరుగు, మా నాన్న తలపాగా, బస్తా దించుతున్న హమాలీలు. వెనక లోపలి గుమ్మం, తెల్లచీర, కాగితం మడుస్తున్న రెండు చేతులు. ఆ చేతులు ఆమెవే. కానీ ముఖం ఉండవలసిన చోట, దూలానికి వేలాడుతున్న పెద్ద తక్కెడ పళ్లెం అడ్డంగా ఉంది. గుండ్రంగా, చంద్రుడంత. స్వామి ఇక్కడిదాకా తెచ్చి కూడా చూపించలేదంటే అది నాకు తగిన శిక్షే అనుకొని కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. యాదమ్మ ఊరుకోలేదు. "సాబ్, జర ఆ పళ్లెం పక్కకు జరుపరాదు?" అంది.

ఆయన పకపకా నవ్వారు. "మా అబ్బా తీసిన ఫోటోల తక్కెడను నేనెట్ల జరుపుత అమ్మా?" అని, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయారు. "ఠైరో, జర ఆగు. అబ్బా ఎప్పుడూ ఒక్కో ఫోటోకు రెండు గాజు పలకలు తీస్తుండె. ఒకదాంట్ల ఎవరో ఒకరు కదుల్తరని."

లోపలికి వెళ్లి, కాగితాల్లో చుట్టిన గాజు పలకలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశారు. చివరికి ఒకదాన్ని యంత్రం కింద పెట్టి, కంప్యూటర్ తెర మీద పెద్దది చేశారు. అదే అరుగు, అదే తలపాగా. ఎవరో బరువు వేసినట్టున్నారు, పళ్లెం కిందికి దిగింది. దాని అంచుకు పైన మా అత్తమ్మ ముఖం. కెమెరాను కాదు, చేతిలోని కాగితాన్ని చూస్తోంది. చదువుతోంది. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. ముక్కు మా నాన్నది. అవును, ఇదే, ఈ ముఖమే అనుకున్నాను.

"నొసటి మీద నల్ల మరక ఉంది అమ్మా. పలక పాతబడ్డది గదా. ఫికర్ చెయ్యకు, కంప్యూటర్ల తుడిచేస్త" అన్నారాయన.

సరిగ్గా మధ్యలో ఉంది. చెమట తుడుచుకున్న వేలి కుంకుమ అంటిందో, గాజుకు పట్టిన మచ్చో నాకు తెలియదు. "వద్దు భాయ్. నేను తుడిచింది చాలు. దాన్ని ఉండనివ్వు" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, చేయి వెనక్కి తీసుకున్నారు. "ఇదే గోడకు పెడుత. పేరేం రాయాలె?" అని అడిగారు. నాన్నకు అక్క, అమ్మకు వదిన, నాకు అత్తమ్మ. ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. "అనసూయమ్మ" అన్నాను. నా నోటితో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. యాదమ్మ గంపలో మిగిలిన మాల తీసి గోడ మేకుకు వేసింది. ఈసారీ కొలవలేదు.

ఆ రెండు పలకలకూ మధ్య గడిచింది బహుశా ఒక్క నిమిషం. ఆ నిమిషం నడిచి నా దగ్గరికి రావడానికి ఒక జీవితకాలం పట్టింది. అందుకు స్వామికీ, ఫోటో సాబ్‌కూ, పూల యాదమ్మకూ ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఇది చదివిన మిమ్మల్ని అడిగేది ఒక్కటే. రేపు అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకునేటప్పుడు, మా అనసూయమ్మను ఒక్కసారి తలుచుకోండి.